కాటమయ్య లెక్క

వాల్వు మూడో చుట్టు దగ్గర పట్టేసింది. కాటమయ్య స్పానరును రెండు చేతులతో పట్టుకొని, కుడికాలు గుంత గోడకు తన్నిపెట్టి, పళ్లు బిగించి తిప్పాడు. గొట్టంలో ఎక్కడో గాలి ముసలివాడిలా దగ్గింది, తరువాత నీళ్లు కదిలాయి. ఇక పైవీధికి అరగంట, కిందవీధికి అరగంట, ఆ తరువాత మసీదు వీధికి. చాపాడుకు అవతల ఉన్న ఆ ఊరికి పదకొండేళ్లుగా అదే వరుసలో నీళ్లు వదులుతున్నాడు. ఎవరింట్లో ఏ బిందె ముందు నిండుతుందో అతనికి తెలుసు. అతనొకడు ఉన్నాడని ఊరికి తెలిసేది మాత్రం నీళ్లు రాని రోజునే.

అరవై దాటిన మనిషి. ఎండిపోయిన పిక్కల మీద తుమ్మముళ్లు గీసిన తెల్లటి చారలు ఇంకా పోలేదు. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి వాలి ఉంటుంది. పంచాయతీలో నీళ్ల పనికి కుదరక ముందు ముప్పై ఏళ్లు గొర్రెలు కాశాడు. నడవలేని జీవాలను ఆ భుజం మీదే మోసుకొచ్చేవాడు. బీళ్లన్నీ పొలాలై, మేపడానికి చోటు లేకుండా పోయాక మంద పోయింది. భుజం మాత్రం అలాగే ఉండిపోయింది.

వాల్వు తిప్పి ఇంటికి వచ్చేసరికి అంకమ్మ పంచలో మంచం మీద కళ్లు తెరిచి పడుకొని ఉంది. రొమ్ములో మొదలైన పుండు వెన్నులోకి దిగిందని జమ్మలమడుగు డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ఇక కోసేదీ కాల్చేదీ ఏమీ లేదనీ, ఇంట్లోనే పెట్టుకొని బాగా చూసుకోమనీ కూడా చెప్పాడు. కాటమయ్య బాగానే చూసుకుంటున్నాడు. మాత్ర వేస్తే ఒక గంట ఊరట, ఆ తరువాత మళ్లీ మొదలు. నొప్పి లేచినప్పుడు అంకమ్మ అరవదు. మంచం పట్టెను పట్టుకొని, పళ్ల సందున గాలి పీలుస్తుంది. ఆ చప్పుడుకు మొదట్లో అతను ముద్ద వదిలేసి లేచిపోయేవాడు. ఇప్పుడు ఆ చప్పుడు వినపడుతుండగానే అన్నం తినగలుగుతున్నాడు.

వేసవిలో ఒకసారి మఠానికి నడిచిపోతున్న బైరాగి ఒకడు ఇంటి ముందు నీళ్లడిగి, మంచం మీది మనిషిని చూసి, జోలెలోంచి పిడికెడు ఎండాకు తీసి ఇచ్చాడు. అది గంజాయి అని కాటమయ్యకు వాసనతోనే తెలిసింది. గొర్రెలకు విరేచనాలు, పారుడు పట్టుకుంటే వాళ్ల నాయన నూరి పోసిన ఆకే అది. పాలలో కాచి ఇచ్చాడు. అంకమ్మ మూడు రోజులు పసిపిల్లలా నిద్రపోయింది. నాలుగోరోజుకు ఆకు అయిపోయింది. ఊరి బయట పోలీసులు బండ్లు ఆపి సంచులు విప్పి చూసే కాలం. ఇంకో పిడికెడు ఎక్కడ దొరుకుతుందో అడగడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

"ఈపొద్దే కదా మామా సభ?" అంది అంకమ్మ.

"ఈపొద్దే."

"నేనూ వస్తా."

"యాడికొస్తావు? కూచోలేవు, నిలబడలేవు."

"పండుకోనే వస్తా. జమాలును ఆటో తెమ్మని చెప్పినా. నా ఓటు పడల్ల."

కాటమయ్య చెంబులో నీళ్లు తీసి ఆమె పెదవులు తడిపాడు. "మనం ఓట్లేస్తే ఆకు వస్తాదా? ఆ కాయితం కలెక్టరు కాడికి పోయి, ఆణ్ణుంచి యాడికో పోయి, శానా కాలం పడతాది."

"నాకు రాదులే. నాకు తెల్దా? ఇంగొకరికి వస్తాది." ఆమె కాసేపు గాలి పీల్చి, నొప్పి పోయేదాకా ఆగి, మళ్లీ అంది. "పుట్టి బుద్దెరిగినాక నన్నెవరూ ఏందీ అడగలేదు. ఈపొద్దు అడుగుతాండారు. నన్ను మటుకు లెక్కలో ఏసుకో మామా."

అతను తల ఊపాడు. ఆమె అతన్ని ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు.

గాంధీ జయంతినాటి గ్రామసభకు ఈ అంశాన్ని పట్టుకొచ్చినవాడు లోకనాథ్. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, ఊళ్లో పేపరు చివరి పేజీ దాకా చదివే ఏకైక మనిషి. పోయిన ఏడు వాళ్లమ్మ ఇదే జబ్బుతో అరిచి అరిచి పోయింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గంజాయి ఉండాలా వద్దా అని జనాన్నే ఓటడుగుతారట, జనం ఉండాలంటే చట్టం మారుతుందట. అది చదివినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. నొప్పితో మంచాన పడ్డవాళ్లకు డాక్టరు చీటీ మీద గంజాయి మందు ఇచ్చేలా అనుమతించమని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేద్దామన్నాడు. గ్రామసభ చేతిలో వీధిదీపం కూడా సరిగ్గా వెలగదని అందరికీ తెలుసు. అయినా అడగడంలో తప్పేముందని ఊరు ఒప్పుకుంది.

ఇక ఓట్ల లెక్క. చేతులెత్తే పద్ధతి ఆ ఊళ్లో చెల్లదు. రెండేళ్ల కిందట చెత్తకుప్ప ఎక్కడ వేయాలనే విషయం మీద చేతులెత్తమంటే కొందరు రెండు చేతులూ ఎత్తారు, చంకలోని పిల్లల చేతులు కూడా ఎత్తించారు, చివరికి కొట్టుకున్నారు. పంచాయతీ కార్యదర్శి రజని తల పట్టుకొని కూర్చుంటే, గొర్రెల్ని లెక్కపెట్టినట్టు కాటమయ్య చేత లెక్కపెట్టించండని ఎవరో ఎగతాళికి అన్నారు. ఎగతాళే పద్ధతైంది. బడి ప్రహరీకి మనిషి పట్టేంత చిన్న గేటు ఉంది. ఔననేవాళ్లు ముందు ఆ గేటు గుండా బయటికి నడవాలి, కాదనేవాళ్లు తరువాత నడవాలి. కాటమయ్య పక్కన గొంతుక్కూర్చొని లెక్కపెడతాడు. లెక్కపెట్టేవాడికి మాత్రం ఓటు లేదు.

మందను దొడ్డిలోకి తోలేటప్పుడు తడిక కొంచెమే తెరిచి ఎలా లెక్కపెడతారో అలాగే. ముఖాలు చూడకూడదు, చూస్తే లెక్క తప్పుతుంది. కాళ్లే చూడాలి. రెండు జీవాలు పోతే జత, పది జతలకు పంచె మడతలో ఒక రాయి. తన కాళ్ల మీద నడిచి దూరినదే లెక్క. కాపరి భుజాన మోసుకొచ్చినదాన్ని ఆ పూటకు లెక్కలో వేయరు. అది తెల్లారి లేచి నిలబడితే అప్పుడు కలుపుకుంటారు. ఇదంతా కాటమయ్యకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, నడక వచ్చినప్పుడే వచ్చింది. ముప్పై ఏళ్లలో అతని లెక్క ఒక్క పూట తప్పలేదు. ఈ లోకంలో అతను గర్వపడేది ఏదైనా ఉంటే అదొక్కటే.

పది గంటలకు బడి ఆవరణ నిండింది. సర్పంచి పులివెందులలో బంధువుల ఇంటికి పోయాడు గనుక రజనే సభ నడిపింది. లోకనాథ్ కాగితం చదివి, మధ్యలో కాగితం మడిచేసి, మిగతాది చదవకుండానే కూర్చున్నాడు.

అప్పుడు మసరత్ లేచింది. కాటమయ్య ఇంటికి గోడ అవతలి ఇల్లు ఆమెది. ఆమె కొడుకు పొద్దుటూరులో చదువుకుంటానని పోయి, గంజాయికి అలవాటుపడి, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

"నొప్పి నాకు తెల్దా? అంకమ్మక్క మూలుగు గోడకివతల నాకు దినామూ ఇనపడతాది," అంది. "మందుకని తలుపు తెరుస్తారు. ఆ తలుపులోంచి ఎవరెవరు దూరతారో నేను చూసినా. నా కొడుకును మీరంతా చూసినారు. నేను ఒప్పుకోనప్పా. తిట్టుకుంటే తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు. రజని గేటు తీయమంది.

ఔననేవాళ్లు కదిలారు. కాటమయ్య కళ్లు నేల మీదికి దించాడు. హవాయి చెప్పులు, పగిలిన మడమలు, మెట్టెలు, బురద ఎండిన పాదాలు. జత, రెండు జతలు. మొదటి రాయి. రెండో రాయి. మధ్యలో ఆటో జమాల్ కాళ్లు వచ్చాయి. బరువుగా, ఒక్కో అడుగూ చూసి వేస్తున్నాయి. ఆ కాళ్ల పక్కన చీర చెంగు వేలాడుతోంది. ఆకుపచ్చది. అది ఎవరి చీరో అతనికి తెలుసు. కానీ చెంగుకు కాళ్లు లేవు. అతని వేలు జమాల్‌ను లెక్కవేసుకొని, వెనకాల వస్తున్న కాళ్ల మీదికి పోయింది. ఆలోచించి చేసింది కాదు. మూడో రాయి. చివరికి లోకనాథ్ బూట్లు.

తరువాత కాదనేవాళ్లు నడిచారు. మసరత్ అందరికంటే ముందు నడిచింది.

రజని పెన్ను పట్టుకొని అడిగింది. కాటమయ్య పంచె మడత విప్పి చూశాడు. ఔనన్నవాళ్లు మూడు రాళ్లు, ఒక జత, ఒక ఒంటిది. కాదన్నవాళ్లు మూడు రాళ్లు, ఒక జత, ఒక ఒంటిది.

"అరవై మూడు, అరవై మూడు," అంది రజని. "సమానమైతే పాసు కానట్టే. ఇంకొక్కటి పడి ఉంటే అయ్యుండేది." పుస్తకంలో రాసుకుంది.

ఒంటిది. ఆ మాట దగ్గర కాటమయ్య ఆగిపోయాడు. సాయంకాలం మందలో ఒంటిది మిగిలితే దాని జత ఎక్కడని వెనక్కి తిరిగి వెతకడం కాపరికి అలవాటు. అతను వెనక్కి తిరిగాడు. గేటు బయట ఆటోలో ఆకుపచ్చ చీర కనిపించింది. తాను లెక్కలో వేయని జత అది.

చెప్పవచ్చు. నోరు తెరిచాడు కూడా. రజని ముఖంలోకి చూశాడు, ఆమె పుస్తకం మూసేస్తోంది. పెళ్లాం కోసం కాటమయ్య లెక్క మార్చాడంటారు. జనం అప్పుడే చెదిరిపోతున్నారు. మసరత్ గోడకు ఆనుకొని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఏంది కాటమయ్యా?" అన్నాడు లోకనాథ్.

"ఏమీ లేదప్పా," అన్నాడు కాటమయ్య. గేటు గొళ్లెం వేశాడు.

ఇంటికి వచ్చాక అంకమ్మకు జావ తాగించాడు. మూడు గుక్కలు తాగి చాలంది. ఆటో కుదుపులకు ఆమె ముఖం బూడిద రంగులోకి తిరిగింది.

"ఎన్ని పడినాయి?"

"అరవై మూడు. అవతల కూడా అంతే. పోయింది."

"పోతే పోనీలే," అంది. కొంచెం సేపటికి, "అరవై మూడు నాతో కలిపేనా?"

కాటమయ్య గ్లాసు కడిగి బోర్లించాడు.

"కలిపే," అన్నాడు.

"అట్లయితే సరే." ఆమె మంచం పట్టెను వదిలి చేతిని పొట్ట మీద పెట్టుకుంది. ఆమె సంతోషపడిందని అతనికి తెలిసింది. అందుకు అతనికి ఏడుపు రావాలి. రాలేదు.

సాయంత్రం నీళ్ల వేళకు లేచి పోయాడు. పైవీధి వాల్వు తిప్పి, అరగంట కూర్చొని, కట్టి, కిందవీధిది తిప్పి ఇంటికి వచ్చాడు. అంకమ్మ పొద్దున పడుకున్నట్టే ఉంది. ముఖం మీద నొప్పి లేదు. అది చూసే అతనికి తెలిసింది. మంచం పక్కన నిలబడ్డాడు. కిందవీధి నీళ్లు పోతూనే ఉన్నాయని గుర్తొచ్చి, పోయి, వాల్వు కట్టి, మసీదు వీధికి తిప్పి వచ్చి, అప్పుడు గోడ మీదుగా మసరత్‌ను పిలిచాడు. ఆమె పరుగెత్తుకొచ్చి, అంకమ్మ కళ్లు మూసి, కాళ్ల దగ్గర కూలబడి గట్టిగా ఏడ్చింది. ఆ ఇంట్లో ఏడ్చిన మొదటి మనిషి ఆమే.

మరునాడు మట్టి చేసి వచ్చాక జమాల్ వాకిట్లో నిలబడి జేబులోంచి ఏదో తీశాడు.

"సీటు సందులో పడిపోయింటే ఈపొద్దు చూసినా మామా. ఓటుకు అడుగుతారనుకొని తెచ్చుకున్నట్టుంది. గేటు దాటేటప్పుడు నీ తట్టు ఎత్తి చూపిచ్చె అత్త. నువ్వు కిందికే చూస్తాంటివి."

కాటమయ్య దాన్ని తీసుకొని, ఎక్కడ పెట్టాలో తెలియక, చాలాసేపు పట్టుకొని నిలబడి, చివరికి ఖాళీ మంచం మీద పెట్టాడు. మాత్రల ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఓటరు కార్డు అది, భర్త పేరు కాటమయ్య, పైన నలుపు తెలుపు ఫోటోలో అంకమ్మ కళ్లు పెద్దవి చేసుకొని నేరుగా చూస్తోంది.