తెరుచుకోని తాళం

మా మావయ్య తాళాలు తయారుచేస్తాడు. ఏ దొంగా తెరవలేని తాళం కుదిరిందని ఆ రోజు కొట్టంతా గంతులేశాడు. నన్నూ అత్తయ్యనీ పక్కన నిలబెట్టుకుని, లోపలి నుంచి కొట్టు తలుపుకి దాన్ని వేసేశాడు.

"తాళం గట్టిదైతే కొట్టు గట్టిదే! ఇక మనకి తిరుగులేదు!"

తీరా తీద్దామంటే తాళంచెవి తిరగలేదు. నూనె పోశాడు, బతిమాలాడు, తిట్టాడు. ఊహూ!

"సొంత తాళంచెవికే తెరుచుకోకపోతే అదేం తాళమండీ?" అంది అత్తయ్య.

"పిచ్చి మొహమా! సొంత తాళంచెవికే లొంగనిది దొంగలకి లొంగుతుందా? ఇంతకంటే రుజువేం కావాలి!"

నాకు ఒళ్ళు మండింది. ఓడిపోవడాన్ని కూడా గెలుపు కింద జమకట్టే మనిషితో ఏం వాదిస్తాం? అత్తయ్య మాత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని, తలుపు రెండో అంచున తుప్పుపట్టిన మడతబందుల మరలు చకచకా విప్పేసింది. తలుపు తాళానికి వేలాడుతూ ఆ వైపు నుంచి తెరుచుకుంది.

ఇప్పటికైనా బుద్ధొచ్చి ఉంటుందనుకున్నాను. మావయ్య ఆ సందులోంచి వీధిలోకి దూకి, పక్క కొట్లవాళ్ళందరికీ వినబడేలా అరిచాడు:

"రండి, రండి! తలుపు ఊడింది గానీ నా తాళం ఊడలేదు!"