కోత తెలియని స్తంభం

మా ఆయనతో పేచీ పెట్టుకోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు, ఒక్క కాంక్రీటు స్తంభం చాలు. ఇద్దరం ఒకే ల్యాబులో ఎదురెదురుగా కూర్చుని కంప్యూటర్లలో భూకంపాలు పుట్టిస్తుంటాం. మా పాప ఉండే శిశుకేంద్రం పాత స్తంభాల మీద నిలబడి ఉంది. వాటిలో ఇనుప రింగులు దూరం దూరంగా ఉన్నాయి. భూమి కదిలితే అవి ఏటవాలుగా కోసుకుపోతాయని నా లెక్క. కాస్త వంగి నిలబడతాయి, ఏ మరమ్మతూ వద్దని ఆయన లెక్క. మా గోల భరించలేక ల్యాబు పెద్ద మేడమ్, అచ్చం అలాంటి స్తంభాన్నే పోతపోయించి, ఎవరి లెక్క నెగ్గితే భవనం సంగతి వాళ్లు చెప్పినట్టేనని తేల్చేశారు.

పరీక్ష రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. జాకీ స్తంభం తలను అటూ ఇటూ నెడుతోంది, ప్రతిసారీ మరికాస్త ఎక్కువగా. స్తంభం ఎంత బలం తట్టుకుంటోందో చూపిస్తూ తెర మీద మూడు గీతలు: నా లెక్కది, ఆయన లెక్కది, అసలు స్తంభానిది. ఈపాటికి స్తంభం విరగాలంటూ నా గీత కిందికి దిగిపోయింది. అసలుది మాత్రం సిగ్గులేకుండా ఆయన గీత వెంటే పోతోంది. ఈ రాత్రి వంట ఎవరిదని ఆయన నా చెవిలో మెల్లగా అడిగారు. ఒళ్లు మండిపోయింది.

"విరుగు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని స్తంభాన్నే బతిమాలుకున్నాను.

తర్వాతి నెట్టుకి వెంట్రుకంత పగులు కనపడింది. నేను కుర్చీ ఎక్కేశాను. ఇంకో నెట్టుకి ఫట్‌మని స్తంభం ఈ మూల నుంచి ఆ మూలకి కోసుకుపోయింది. గీత దబ్బున కిందపడింది. పెద్దావిడ అని కూడా చూడకుండా మేడమ్‌ని కావలించుకుని గిరగిరా తిప్పేశాను.

ఆవిడ ఊపిరి పీల్చుకుని ఆయన మోడల్ తెరిచి చూసి, నవ్వాపుకోలేకపోయారు. స్తంభం ఎంత నెట్టుకి కోసుకుపోతుందో, ఆ కోత బలానికి ఆయన హద్దే పెట్టలేదు! ఎంత నెట్టినా ఆ స్తంభానికి వంగడం తప్ప ఇంకోటి తెలీదు. ఎంత అణకువ, మొగుడంటే ఇలా ఉండాలి అని పకపకా నవ్వుతూ ఆయన వైపు తిరిగాను.

ఆయన ఫోన్లో శిశుకేంద్రం ఆయాతో మాట్లాడుతున్నారు. పిల్లలందర్నీ ఆరుబయటికి తీసుకెళ్లమని, రేపట్నుంచి వేరే చోటు చూస్తామని చెబుతున్నారు.

"ఇవాళే భూకంపం వస్తుందా ఏంటి?" అన్నాను.

"పొద్దున పాపని నేనే దింపొచ్చాను," అన్నారాయన. "లోపలికి వెళ్లనని నా కాలు పట్టుకుంది. ఏం కాదమ్మా, నాన్న లెక్క చూశాడుగా అని చెప్పి తోసొచ్చాను."

నవ్వు నా నోట్లోనే ఆగిపోయింది. ఆయన చేతిలోంచి బండి తాళాలు తీసుకున్నాను. బండి నేను నడుపుతాను, పాప దగ్గరికి పదండి అన్నాను.