నసాంబు బోసిమెడ కోళ్లు

నా భార్య నసాంబు కోళ్లకు మెడమీద ఈక ఉండదు. గడ్డం కింద నుంచి రొమ్ము దాకా ఎర్రగా, గరుగ్గా, ముసలివాడి మోచేయిలా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ వాటిని చూసి, "ఇదేం కోడే, సగం పీకి వదిలేశావా?" అని నవ్వింది. ఆ ఏడాదే కొక్కెర తెగులు వచ్చి మా అమ్మ కోళ్లన్నీ పోయాయి. బోసిమెడవి మాత్రం దుమ్ములో దొర్లుతూ మిగిలాయి. ఆ తర్వాత మా అమ్మ నవ్వడం మానేసింది.

ఆ జాతిని నా భార్యకు ఇచ్చింది వాళ్ల నాయనమ్మ నబాలాయో. పెళ్లినాడు ఒక పుంజునీ రెండు పెట్టల్నీ గంపలో పెట్టి, గంప నా నెత్తికెత్తి, "ఒరే మొగుడా" అంది. మాలో మనవరాలి మొగుణ్ణి ముసలమ్మలు అలాగే పిలుస్తారు. "నీ పెళ్లాం అలిగి వచ్చేస్తే నాలుగు తన్ని పంపిస్తా. కోళ్లు పోగొట్టావో, నేనే వచ్చి నీతో కాపురం చేస్తా, చూసుకో." తర్వాత ఆవిడ దగ్గర మిగిలినవి, సర్కారు పంచిన పెద్ద పుంజులతో కలిసి సంకరమైపోయాయి. గుడ్డు పెద్దదైంది. తెగులుకు ఆగే బలం పోయింది. ఆవిడ చూపు కూడా ఆ రోజుల్లోనే పోయింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. వెబుయే దగ్గర కోళ్ల పరిశోధన కేంద్రంలో పెంట ఎత్తడానికి చేరి, పద్దెనిమిదేళ్ల తర్వాత నైట్రోజన్ క్యాను చూసుకునేవాణ్నయ్యాను. అదొక మూతి సన్నని పెద్ద క్యాను. లోపల నీళ్లలాంటి నైట్రోజన్, పొగలు కక్కే చల్లదనం. అందులో వేసింది వందేళ్లయినా చెడదట. చదువుకున్నవాళ్లు చెప్పే ఆ వందేళ్లు, నాలాంటివాడు వారం వారం కర్ర ముంచి కొలిచి, తరిగినంత పోస్తేనే. ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు.

మా కేంద్రం డాక్టర్ ముతేయు మాచాకోస్ వైపు మనిషి. తెగులుకు ఆగిన బోసిమెడ కోళ్లు మా ఇంట్లో ఉన్నాయని నేనే నోరు జారాను. మర్నాడే మా వాకిట్లో దిగింది.

"ఎన్ని గుడ్లు కావాలమ్మా?" అంది నసాంబు.

"అరవై."

"అరవయ్యా! మీ ఆఫీసులో ఎవరిదైనా పెళ్లా?"

డాక్టరమ్మ నవ్వి విడమరిచి చెప్పింది. గుడ్లను రెండున్నర రోజులు పొదగబెడతారు. అప్పటికి పిండం గోరంత ఉంటుంది. దాని నెత్తురుచుక్కలోంచి, రేపు గుడ్లూ వీర్యమూ కాబోయే కణాలను ఏరి, పెంచి, నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. జాతి అంతరించినా, ఆ కణాలను వేరే కోడి పిండంలోకి ఎక్కిస్తే, అది పెరిగి పెట్టిన గుడ్లలోంచి బోసిమెడ పిల్లలు వస్తాయి.

"మరి దాని సొంత పిల్లలు?"

"దానికి ఉండవు. ముందే గొడ్డుదిగా పుట్టిస్తాం. మోయడానికే ఆ కోడి."

నసాంబు పెట్టల వంక చూసింది. మాకు పిల్లలు లేరు. ఇరవై రెండేళ్లు. మా బాబాయి కుండు తాగినప్పుడల్లా, "ఈ ఇంట్లో పిల్లల్ని లేపేవి కోళ్లొక్కటే" అనేవాడు.

"తీసుకో అమ్మా. ఆ గొడ్డుకోడి నా పిల్లల్ని లేపిన రోజు నన్ను పిలవాలి. నేను చూడాలి."

"డిసెంబరులో పిలుస్తాను" అంది డాక్టరమ్మ.

అలా నసాంబు కోళ్లు పద్నాలుగు సన్నని గొట్టాల్లో క్యానులోకి చేరాయి. సగం నైరోబీ పంపాలి. ఇక్కడేమైనా అయితే అక్కడ ఉంటాయని. ఆ కాగితం మీద ఎవరో సంతకం పెట్టాలి. ఏడు నెలలు పెట్టలేదు.

సెప్టెంబరులో మళ్లీ కొక్కెర తెగులు వచ్చింది. ఈసారి మా ఊరంతా ఊడ్చేసింది. కోడికూత అంటూ వినిపిస్తే అది మా ఇంటి నుంచే. ఒక పుంజు, నాలుగు పెట్టలు. పొరుగు ఆడవాళ్లు వచ్చి గుడ్లు అడిగేవారు. నసాంబు లేదనకుండా ఇచ్చేది. పొదగడానికి తీసుకెళ్లినవాళ్లు వండుకుని తినేవారు. అదీ మా ఊరు.

నసాంబుకు ఐదు రోజులు జ్వరం కాసింది. సోమవారం ఆసుపత్రిలో పోయింది. ముందురోజు ఆదివారం నేను క్యానులో కర్ర ముంచి చూశాను. కర్రకు మంచు పట్టిన మేర, అంటే నైట్రోజన్ లోతు, నాలుగు వేళ్లు. పాత క్యాను, మూతి దగ్గర లీకు. అయినా శుక్రవారం కిసుము నుంచి నైట్రోజన్ లారీ వస్తుంది, సరిపోతుంది. గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకుని ఆసుపత్రికి పోయాను. రెండో తాళంచెవి ఎప్పుడో విరిగిపోయింది.

శుక్రవారం మట్టి వెయ్యడం. పొద్దున తొమ్మిదింటికి కేంద్రం వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి అందరూ దిగారు. డాక్టరమ్మ, స్టోరు చూసే ఒధియాంబో, గుమాస్తాలు, వంటమనిషి, పెంట ఎత్తేవాళ్లు సైతం. మాలో పనిచేసేచోట ఒకడి ఇంట చావంటే ఆ చోటు మూతపడుతుంది. రానివాణ్ని మనిషిగా చూడరు. గేటు దగ్గర కాపలావాణ్ని ఒక్కణ్ని వదిలి వచ్చారు.

వాళ్లను చూడగానే నా చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి తగిలింది. ఇవాళ శుక్రవారం. లారీ వచ్చేరోజు.

"ఒధియాంబో..." అన్నాను.

"ఏమీ మాట్లాడకురా తమ్ముడూ" అని నన్ను వాటేసుకుని భోరుమన్నాడు. నసాంబు చేతి గంజి తాగినవాడు వాడు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో ఉండగానే బాబాయి కుండు నా భుజం పట్టి పక్కకు లాగాడు.

"మీ మామగారి తరపు పెద్దలు ఐదుగురు వచ్చారు. ఏం కొయ్యమంటావు?"

"ఎద్దును కోస్తున్నారుగా."

"ఎద్దు ఊరికి. వియ్యాలవారికి కోడి పడాలి. మనిషికొకటి. కందనకాయ పైన పెట్టి మరీ ఇవ్వాలి. నీకు నేను చెప్పాలా?"

"మార్కెట్లో తెల్లకోళ్లు..."

"తెల్లకోడా!" ఆయన గొంతు పెరిగింది. "వాళ్ల పిల్లను తీసుకుని, పిల్లాజెల్లా లేకుండా ఇరవై రెండేళ్లు ఉంచుకుని, మట్టిచేసి, పైన ఇంజెక్షన్ కోడి పెడతావా? మొహాన ఉమ్మేసి పోతారు. ఊళ్లో నాటుకోళ్లు ఇంకెక్కడున్నాయి? నీ పెరట్లోనే ఐదున్నాయి. వచ్చినవాళ్లూ ఐదుగురే. లెక్క దేవుడే సరిపెట్టాడు."

పెరట్లో పుంజు మెడ సాచి కూస్తోంది. నేను జేబులో చెవిని పట్టుకునే ఉన్నాను. ఆ క్షణంలో నా మనసులో ఏముందో నాకు తెలుసు. ఇవి పోయినా అవి ఉన్నాయి. పద్నాలుగు గొట్టాలు చల్లగా ఉన్నాయి. డిసెంబరులో వస్తాయి. ఆ ధైర్యంతోనే అన్నాను:

"కొయ్యండి."

తర్వాత పెట్టె దించారు. మట్టి పడింది. చెవి సంగతి నాకు మళ్లీ గుర్తు రాలేదు.

సాయంత్రం వెళ్లబోతూ నబాలాయో ముసలమ్మ నా మొహం తడిమింది.

"మొగుడా, నాకేమీ వద్దు. దాని గుడ్డా వద్దు, గిన్నే వద్దు. దాని కోళ్లు ఒక జత ఇవ్వు. పొద్దున వాటి కూత వింటూ చచ్చిపోతాను."

ఆవిడ కొడుకు, అంటే మా మామ, అప్పుడే ఆ పుంజు కందనకాయ తిని చెయ్యి కడుక్కున్నాడు. నేను నిజం చెప్పలేకపోయాను. "కేంద్రంలో ఉన్నాయి నాయనమ్మా. డిసెంబరులో తెస్తాను" అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదనే అనుకున్నాను.

గుండు గీసేదాకా మైల. మగవాడు గడప దాటకూడదు. సోమవారం గుండు గీశారు. మంగళవారం తెల్లారగానే వెళ్లాను.

కాపలావాడు గేటు తీస్తూ, "శుక్రవారం లారీ వచ్చింది అన్నా. గదికి తాళం. నేనేం చెయ్యను? అరగంట హారన్ కొట్టి పోయాడు" అన్నాడు.

ఒధియాంబో స్టోరు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"శనివారం తెలిసింది తమ్ముడూ. రెండుసార్లు మీ ఊరి దారి పట్టాను. రెండుసార్లూ వెనక్కి తిరిగాను. పెళ్లాం పోయి ఏడుస్తున్నవాడి జేబులో తాళంచెవి ఎలా అడగను?"

"తాళం పగలగొట్టొచ్చుగా!"

"కొట్టి? పోయడానికి నైట్రోజన్ ఎక్కడిది?"

తాళం తీశాను. మూత ఎత్తితే పొగ రాలేదు. ఆ గదిలో ఎప్పుడూ ఉండే చల్లగాలి లేదు. కర్ర ముంచాను. అడుగు తగిలిన చప్పుడైంది. పైకి తీస్తే కర్ర పొడిగా ఉంది. మంచు చుక్క లేదు. చెంపకు ఆనించి చూశాను. పొయ్యిలో పెట్టే కర్రలాగే ఉంది.

డాక్టర్ ముతేయు పద్నాలుగు గొట్టాలూ ఒక్కొక్కటిగా కోసి, చుక్క చుక్కా మైక్రోస్కోపు అద్దం కింద పెట్టింది. రంగుమందు కలిపితే బతికున్నవి మెరుస్తాయి, చచ్చినవి నీలమవుతాయని ఎప్పుడో చెప్పింది. ఆఖరి గొట్టం దగ్గర నన్ను పిలిచి, "నువ్వే చూడు" అంది. చూశాను. అంతా నీలం.

"ఒక్కటి కూడా...?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంటి దగ్గర ఐదున్నాయిగా? గుడ్లు తీసుకురా. మళ్లీ మొదలుపెడదాం."

నేను చెప్పాను. ఎవరెవరికి ఏ కోడి వెళ్లిందో కూడా చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడి, "ఆ రోజు సంగటితో నేనూ ఒక ముక్క తిన్నాను" అంది. ఎవరో మర్యాదకు వడ్డించారట.

గుమాస్తా నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారన్నాడు. తియ్యలేదు. ఎవరి తప్పో రాయడానికి కాగితంలో చోటు దొరక్కపోయి ఉంటుంది.

డిసెంబరు వచ్చింది. ముసలమ్మ కబురు మీద కబురు పంపింది. మూడో కబురుకు నేను దూరపు సంతకు పోయి ఒక నాటు పెట్టనూ పుంజునూ తెచ్చాను. గింజంత తెలివి లేనివాడు చేసే పనే చేశాను. పెరట్లో కూర్చుని, గడ్డం నుంచి రొమ్ము దాకా ఈకలు పీకాను. అవి అరిచాయి. నేను పీకాను. మెడలు ఎర్రబడ్డాయి. దూరం నుంచి చూస్తే నసాంబువే.

ముసలమ్మ గుడిసె ముందు ఎండలో కూర్చుని ఉంది. పెట్టను ఒళ్లో పెట్టాను.

"వచ్చావా మొగుడా! గుండుమీద వెంట్రుకలు మొలిచాయా?" అని నవ్వుతూ పెట్ట వీపు నిమిరింది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఆగింది. వేలితో మెల్లగా పైకి, కిందికి రాసింది. ఒకచోట నెత్తురు ఎండి అట్ట కట్టి ఉంది. అక్కడ వేలు చాలాసేపు ఉండిపోయింది.

నేను పుంజు కాళ్లు గట్టిగా పట్టుకున్నాను.

"ఆ రోజు నా కొడుక్కి పెట్టిన కందనకాయ..." అంది. "నసాంబు పుంజుదేనా?"

"అవును నాయనమ్మా."

"మిగతావి?"

"నాలుగూ."

"కేంద్రంలో ఉన్నాయన్నావు."

"ఉన్నాయి. పోయాయి."

ఎలా అని అడగలేదు. అడిగితే తాళంచెవి గురించి చెప్పి ఏడ్చేవాణ్నేమో. తల లోపలికి తిప్పి కోడలిని కేకేసింది. "ఏమే, ఆ నెయ్యి చిప్ప ఇటు తే."

నెయ్యి వేళ్లకు తీసుకుని పెట్ట మెడంతా పూసింది. పెట్ట గింజుకుంటే, "ఊరుకో, ఊరుకో" అంటూ ఒడిసి పట్టుకుంది. తర్వాత పుంజుకు పూసింది. నా వంక తిప్పిన ఆ తెల్లని కళ్లల్లో తడి ఉందో లేదో నేను చూడలేకపోయాను.

"దీనికి మంట పుడుతోందిరా, ఇలా పీకితే" అంది. "నెల తిరిగేలోపు మళ్లీ మొలుస్తాయి. మొలిచినాక వీటిని ఎవరికి చూపించి నమ్మిస్తావు?"

ఇంకో వేలు నెయ్యి తీసుకుంది.