మూడు డబ్బాల ఇప్పపువ్వు

మరియ చనిపోయిన రోజు మా వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వును ఎవరూ తిరగెయ్యలేదు. మధ్యాహ్నం వాన పడింది. సమాధి దగ్గర నుంచి వచ్చేసరికి పువ్వు చాపకు అంటుకుపోయి ఉంది.

ములకలపల్లి దగ్గర మా ఊరి ఆడవాళ్ల సంఘం ఆ ఏడు, 2007లో, ఇప్పపువ్వు లడ్డూలు చెయ్యాలనుకుంది. జూన్ నుంచి హాస్టల్ పిల్లలకు పెట్టాలని. పువ్వును వేయించాలా, ఆవిరికి ఉడికించాలా, ఉత్తగా ఎండబెట్టి దంచాలా, ఏది నిలవ ఉంటుందో ఎవరికీ తెలియదు. నా భార్య మరియ ఏ ఒక్కదాన్నీ ఎంచుకోలేదు. మూడు రకాలుగా కొద్దికొద్దిగా చేసి, ఇరవై రోజులు డబ్బాల్లో ఉంచి, ముందు మనమే తిని, పాడైనదాన్ని వదిలేద్దామంది.

"సారు పిల్లలకు పెడ్తడు, అక్క లడ్డూలకు పెడ్తది పరీక్షలు" అని సంఘంలోని మోతీ నవ్వేది.

మరియ పోయాక సంఘం ఆమె చెప్పినట్టే చేసింది. డబ్బాలు చూసే పని నాకిచ్చారు. సరుకు కొంటానన్న పాల్వంచ శ్రీధర్‌కు ఓపిక లేదు. అడవిలో పువ్వు రాలడం అయిపోవచ్చింది, ఒక పద్ధతి తేల్చి ఉన్న పువ్వంతా దానికే పెట్టమన్నాడు. పదహారో రోజు, వేయించిన డబ్బా వాసన బాగుందన్నాను. ఇంకో నాలుగు రోజులు ఆగమనాల్సింది. అనలేదు. రుచి చూపించడానికి అతను ఆ డబ్బాలోంచి ముప్పై లడ్డూలు జీపులో హాస్టల్‌కు పట్టుకెళ్లాడు.

జీపు వెళ్లాక సంఘం పెద్ద తబితా గుమ్మంలో నిలబడింది.

"సారూ, వానకు తడిసిన పువ్వు నేను పారెయ్యలే. అక్క చేత్తోని ఏరింది గదా. మల్ల ఎండబెట్టి మూడిట్ల పిడికెడు పిడికెడు కలిపిన."

"బూజు పట్టలేదా?"

"అవ్, పట్టింది. దులిపిన."

ఏ పద్ధతి నిలుస్తుందో ఆ డబ్బాలు ఇక చెప్పలేవు. సైకిలు తీశాను. హాస్టల్ ఐదు కిలోమీటర్లు, అంతా అడవి దారి. ప్రార్థన గుర్తు రాలేదు. బడిలో రోజూ నేను పిలిచే హాజరు పట్టీలోని పేర్లే వరసగా నోట్లోకి వచ్చాయి.

వార్డెన్ పళ్లెం చూపించింది. ఇరవై ఎనిమిది ఉన్నాయి. రెండు తినేశారు.

తిన్న ఇద్దరూ ఆవరణలో ఆడుకుంటున్నారు. పొద్దుగూకేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఒకడు ఉన్నట్టుండి కింద కూలబడ్డాడు. లేచి అటు రెండడుగులు వేశాను. వాడు చెప్పు సరిచేసుకుని మళ్లీ పరిగెత్తాడు.

మర్నాడు కూడా వెళ్లి చూశాను. ఇద్దరికీ ఏమీ కాలేదు.

మూడు డబ్బాల లడ్డూలూ గొయ్యి తీసి పూడ్చాం. శ్రీధర్‌కు జరిగింది చెప్పి, జూన్‌కు ఇవ్వలేమన్నాను. తబితా దాచిన ఆ పువ్వును నేనైనా పారేసేవాణ్ని కాదు.

వానకు తడవని మంచి పువ్వు నాలుగు కిలోలు మిగిలింది. డబ్బాలు కడిగి బోర్లించాను. మరియ చెప్పిన పరీక్ష ఆ రోజు మళ్లీ మొదలుపెట్టలేదు.