చిన్న లాభం

ఆస్పత్రికి వెళ్ళే రోజు కూడా కనకలత ముందు పప్పులో పోపే వేసింది. ఆవాలు చిటపటలాడగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. అలవాటుగా మొహం తిప్పి కొంగు అడ్డం పెట్టుకుంది. "దేవుడికి పెట్టే వంటమ్మా, దాని మీద దగ్గకు" అని అత్తగారు కొత్తకోడలికి నేర్పిన మొదటి పాఠం అది. ఆ కొంగుకి నెత్తురు అంటుతున్న సంగతి ఆమె చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఊపిరితిత్తిలో క్యాన్సర్. కొయ్యడానికి వీల్లేదన్నారు, నయం చెయ్యలేం, రేడియేషన్‌తో బాధ మాత్రం తగ్గిస్తామన్నారు. ఆ మాట భర్త రామమోహన్ కనకలతకి చెప్పలేదు. "అంతా గ్రాండే" అన్నాడు, బాగానే ఉందనడానికి ఈ దేశంవాళ్ళు వాడే మాటతో. డాక్టరు మాటలు తెలుగులో చెప్పే మనిషిని పిలిపిస్తామని ఆస్పత్రివాళ్ళంటే, నేనున్నాగా, ఈవిడకి ఇంగ్లీషు రాదు అన్నాడు. ఈ దేశం వచ్చాక బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మనవరాలు వర్షిణిని పొత్తిళ్ళ నుంచి పెంచింది ఈవిడేనని, ఆ పిల్ల తెలుగులో అడిగిన దేనికీ తెలుగులో జవాబివ్వదని ఆయనకి తోచలేదు. అన్నం ముద్దలు అటు వెళ్తుంటే ఇంగ్లీషు ఇటు వచ్చింది.

డాక్టర్ అబిగేయిల్ కనకలత వైపే చూస్తూ నిదానంగా చెప్పింది. వారం తేడాతో రెండు పెద్ద మోతాదులు ఇవ్వచ్చు. లేదా మూడు వారాలపాటు, శని ఆదివారాలు తప్ప రోజూ, చిన్న మోతాదులు. దగ్గు, ఆయాసం తగ్గడంలో రెండూ ఇంచుమించు ఒకటే. రెండో పద్ధతిలో కొన్నాళ్ళు గొంతు మండుతుంది, నీరసం ఎక్కువ. కానీ మీలా ఓపికగా తిరిగేవాళ్ళకి దానివల్ల ఆయుష్షు కాస్త పెరగచ్చు.

"రెండుసార్లొస్తే చాలట. దగ్గు తగ్గిపోతుందట" అన్నాడు రామమోహన్.

మిగతాదంతా ఆయన నోట్లోనే ఉండిపోయింది.

చెడ్డవాడు కాదు. రోజూ ఎవరు తీసుకొస్తారు, ఇంట్లో వంటెవరు చేస్తారు అన్న దగ్గర ఆయన ఆలోచన ఆగిపోయి ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె అమ్మవారికి దీపం పెట్టి ఆయన ఆయుష్షు అడిగింది, కొడుకు ఆయుష్షు అడిగింది. తనకంటూ ఒక్క పూట అడగలేదు. ఇవాళ అడక్కుండానే అమ్మవారు కాస్త ఇస్తానంటుంటే, గుమ్మంలోనే వద్దని పంపెయ్యడానికి ఈయనెవరు? ఒంటిని ఇచ్చిన తల్లి, దాని సంగతి ఈయన్నడగమని ఎప్పుడు చెప్పింది?

"త్రీ వీక్స్ డాక్టర్" అంది కనకలత. "ఐ విల్ టేక్ త్రీ వీక్స్."

బయట కారు దగ్గర రామమోహన్ గొంతు తగ్గించి అన్నాడు. "గొంతు మండితే మింగలేవు లతా. ఆ చిన్న లాభం కోసం ఎందుకొచ్చిన బాధ?"

"చిన్నదో పెద్దదో, అది నాదండీ. దాచాల్సింది మీరు కాదు."

ఆయన తలుపు తియ్యబోయి ఆగాడు. "రోజూ ఎలా వస్తావు? వంట మాటేమిటి?"

"నాకు బస్సుంది" అంది ఆమె. "కుక్కరు సింకు కింది ప్రెస్ అలమరలో ఉంటుంది."