పువ్వు పెద్దింట్లో, కాడ చిన్నింట్లో

నేను ఒక ఇత్తడి గులాబీని. నాకు వాసన లేదు, ముల్లు లేదు. అరచేతిలో ఇమిడేంత వెడల్పు, నడుమ గుండ్రటి బొడ్డు, చుట్టూ ఎనిమిది రేకలు, వీపు మీద ఒక మర. ఆ మరలో మూరెడు ఇనప కాడ బిగిస్తేనే నేను పనికొస్తాను. క్రిస్మస్ ముందు మా ఇళ్ళలో గులాబీ పువ్వులు వండుతారు. పట్టుకుంటే విరిగిపోయేంత సున్నితంగా, తియ్యగా, కరకరలాడుతూ ఉండే ఆ పువ్వులు నా మీదే పూస్తాయి.

నన్ను పోసిన కంచరి మంచి పనివాడే. కానీ నా మర కోసిన రోజున అతని కంట్లో నలక పడింది. మర కాస్త వంకరగా తెగింది. పారేయడానికి మనసొప్పక, కాడకు కూడా సరిగ్గా అదే వంకర వచ్చేలా కోసి, రెంటినీ జత చేశాడు. అందుచేత ఈ లోకంలో నాకు పట్టే కాడ ఒక్కటే. ఆ కాడకు పట్టే పువ్వును నేనొక్కదాన్నే. ఒక తప్పును అంత ఓపికగా సరిచేసే మనుషుల్ని మళ్ళీ చూడనేమో అనుకున్నాను. చూశాను. ఆ సంగతే చెబుతాను.

పరంజ్యోతమ్మ పెళ్ళికి ఆమె తల్లి సారెలో అరిసెల మీద నన్ను పెట్టి పంపింది. బాపట్ల దాటాక, సముద్రపు గాలికి జీడిమామిడి చెట్లు ఒక పక్కకే ఒరిగి పెరిగే ఊరు అది. చర్చి వీధిలో పెంకుటిల్లు. ఆ ఇంట్లో నలభై క్రిస్మసులు నూనెలో మునిగి తేలాను.

నా పని చూసేవాళ్ళకు తేలిగ్గా ఉంటుంది. ముందు నన్ను కాగే నూనెలో ఉంచాలి, రేకలన్నీ వేడెక్కేదాకా. అప్పుడు పిండిలో ముంచాలి, అంచుల వరకే. పూర్తిగా మునిగితే పిండి నా వీపెక్కి కూర్చుంటుంది, ఇక దిగదు. మళ్ళీ నూనెలో పెట్టి, కాసేపు ఊపిరి బిగబట్టి, చిన్నగా ఒక విదిలింపు విదిలిస్తే పువ్వు నన్ను వదిలి తేలుతుంది. పిండి పలచనైతే నాకు అంటదు. చిక్కనైతే పువ్వు పంటికి లొంగదు. బియ్యప్పిండి, మైదా, పంచదార, గుడ్లు, కొబ్బరిపాలు ఎంతెంత కలపాలో ఈ ఇంట్లో ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. అదంతా చేతిలోనే ఉండేది.

పరంజ్యోతమ్మకు ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు దయామణికి పిండి కలపడం నేర్పింది. చిన్నకోడలు హెప్సీబాకు నూనె ముందు కూర్చోవడం నేర్పింది. ఇద్దరికీ రెండూ ఎందుకు నేర్పలేదని ఎవరైనా అడిగితే, "రెండూ వస్తే ఒకత్తే వండుద్ది, రెండోది పడుకుంటది" అనేది.

వాళ్ళిద్దరి పనితనం చూసి నాకు గర్వంగా ఉండేది. దయామణి పిండిలో వేలు ముంచి పైకెత్తి, అది జారే తీరును బట్టి ఇంకో గుప్పెడు వేయాలో వద్దో చెప్పేది. హెప్సీబా మణికట్టు విదిలించిందంటే ఒక్క రేక కూడా నలిగేది కాదు. వాళ్ళ మధ్య దయామణి కూతురు కెజియా పాత దుప్పటి పరుచుకుని, వచ్చిన పువ్వునల్లా బోర్లా పేర్చేది. ఆ పిల్లకు బిడియం ఎక్కువ. సండే స్కూల్లో వాక్యం చెప్పమంటే కంఠతా వచ్చినా గొంతు దాటేది కాదు. పిన్ని దగ్గర మాత్రం గలగలా మాట్లాడేది. హెప్సీబాకు పిల్లలు లేరు. క్రిస్మస్ పొద్దున కెజియాకు రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి, చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోయేది ఆమే.

కెజియాకు తొమ్మిదేళ్ళప్పుడు గొడవ వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పళ్ళేలు పంచుతున్నారు. పాస్టరమ్మగారు ఒక పువ్వు విరిచి నోట్లో వేసుకుని, "ఇంత బాగా ఎవరు చేశారు?" అని అడిగింది. హెప్సీబా మొగుడు ఎలీషా ముందుకొచ్చి, "మా ఆవిడండీ. దాని చెయ్యి అలాంటిది" అన్నాడు. పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది దయామణి.

ఇంటికొచ్చాక అంది: "పిండి కలిపింది నేను. నూనె ముందు కూర్చున్నంత మాత్రాన పువ్వు నీదైపోద్దా?"

"నేనన్నానా అక్కా? ఆయన అన్నాడు."

"ఆయన అంటుంటే నీ నోట్లో ఏముంది?"

"పువ్వుంది. నువ్వు కలిపిన పిండే!"

ఈ మాటకు వాళ్ళిద్దరూ నవ్వేసి ఉంటే నా కథ ఇక్కడే అయిపోయేది. నవ్వలేదు. పువ్వు ఎవరిదని వాదులాడుకుంటున్న ఆ ఇద్దరికీ, నేనూ ఒకదాన్ని ఉన్నానని గుర్తు రాలేదు. ఆ మాట పట్టుకుని పాత మాటలు లేచాయి. ఆడవాళ్ళ మాటల్లోకి మగవాళ్ళు దిగారు. ఎండాకాలం వచ్చేసరికి పెరట్లోనూ, వసారా మధ్యలోనూ గోడ లేచింది. మంచాలు, బిందెలు, గేదె, దూడ అన్నీ పంచుకున్నారు. చివరికి నేను మిగిలాను. నా రేకలు దయామణి చేతిలో, నా కాడ హెప్సీబా చేతిలో. ఎవరూ వదలరు.

పరంజ్యోతమ్మ నన్ను లాక్కుని, గిర్రున తిప్పి, మర ఊడదీసింది.

"ఇదిగో పెద్దదానా, పువ్వు నీకు. చిన్నదానా, కాడ నీకు. పొండి, వండుకు తినండి."

అలా నేను పెద్దింట్లో, నా కాడ చిన్నింట్లో. ముసలమ్మ మాత్రం నెలకొక ఇంట్లో ఉంటూ, రెండిళ్ళ కూరల్నీ సమానంగా తిడుతూ ఉండేది.

ఆ డిసెంబరులో దయామణి నన్ను తీగతో గరిటెకు కట్టి నూనెలో దించింది. తీగ వదులై మూకుట్లో పడ్డాను. నన్ను పైకి తీయడానికి రెండు అట్లకాడలు, ఒక పటకారు కావలసి వచ్చాయి. గోడ అవతల హెప్సీబా సంతలో కొత్త అచ్చు కొని తెచ్చుకుంది. విదిలింపు ఆమెదే గానీ పిండి ఆమెకు లొంగలేదు. ఆ పువ్వులు కొరికి, "పన్ను ఊడిందే తల్లీ, ఉన్నది అదొక్కటే" అని పరంజ్యోతమ్మ వీధంతా చెప్పొచ్చింది. తర్వాత రెండిళ్ళలోనూ కజ్జికాయలు, చెక్కలు చేసుకుని ఊరుకున్నారు. గులాబీలు లేవు. నా కాడతో హెప్సీబా పొయ్యిలో పుల్లలు ఎగదోసుకుంటోందని విన్నాను. నాకు జరిగిన మర్యాద ఇంకా దారుణం. దయామణి ప్రతి పండక్కీ నన్ను చింతపండుతో తోమి, తళతళలాడించి అలమరలో నిలబెట్టేది. పెనాన్ని సబ్బుతో కడిగితే అట్టు ఎలా అంటుకుంటుందో, నూనె జిడ్డు పోయిన నా ఒంటికి పిండి అలా అంటుకుంటుంది. చూడటానికి బంగారం, చేయడానికి సున్నా.

ఐదు క్రిస్మసులు ఇలా గడిచాయి. కెజియా జడలు తనే వేసుకోవడం నేర్చుకుంది. పాపిడి వంకరగా వచ్చేది. చర్చిలో పిన్ని వెనక వరసలో కూర్చుని, ఆ జడలనే చూసేది గానీ పలకరించేది కాదు. కెజియా కూడా పలకరించలేదు. గోడ దాటాలంటే గొంతు కావాలి కదా.

ఆ ఏడు డిసెంబరు మొదటి వారంలో, పెద్దింట్లో టీలో రస్కు నానబెట్టుకుంటూ పరంజ్యోతమ్మ అంది: "పండగెళ్ళాక మీ బాబాయోళ్ళు చీరాల పోతన్నారు. అక్కడేదో మిల్లులో పని దొరికిందంట. గోడ ఉండిద్ది గానీ గోడకవతల మనిషుండదు ఇక."

కెజియా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం అలమర తలుపు తీసి నన్ను చాలాసేపు చూసింది. నా వీపు మీద వేలు పెట్టి మరను తడిమింది. పిన్ని ఒక్క పండక్కైనా మళ్ళీ తమ ఇంట్లోకి రావాలి, వెళ్ళిపోయేలోగా. ఆ పిల్ల మనసులో ఉన్నదంతా అదే. నోటితో చెప్పకపోయినా నాకు అర్థమైంది.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం దయామణి చర్చిలో రంగు కాగితాలు కట్టడానికి వెళ్ళింది. కెజియా గిన్నె తీసింది. అమ్మ ఏది ముందు వేస్తుందో, ఏది వెనక వేస్తుందో ఆమెకు బాగా గుర్తుంది. గుడ్లు గిలకొట్టింది. కొబ్బరిపాలు పోసింది. బియ్యప్పిండి అమ్మ నాలుగు గుప్పెళ్ళు వేసేది, తనూ సరిగ్గా నాలుగే వేసింది. గిన్నె చంకన పెట్టుకుని, నన్ను చున్నీలో ముడివేసుకుని బయల్దేరింది. ఎండలో మంచం మీద కూర్చున్న పరంజ్యోతమ్మ ఆమెను చూసి, చూడనట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

హెప్సీబా గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కెజియా ముడి విప్పి, నన్ను ఆమె ముందు నేల మీద పెట్టింది. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

హెప్సీబా నన్ను చూసింది. గిన్నెను చూసింది. వంకర పాపిడిని చూసింది.

"మీ అమ్మకు తెలుసా?"

కెజియా తల అడ్డంగా ఊపింది.

"చంపుద్దే నిన్ను."

తల నిలువుగా ఊపింది.

హెప్సీబాకు నవ్వొచ్చింది. లోపలికెళ్ళి పొయ్యి పక్కనుంచి నా కాడను తెచ్చింది. ఎంత నల్లబడిపోయింది పాపం! కానీ వంకర అలాగే ఉంది. మసి గీకి, కొబ్బరినూనె రాసి తిప్పుతుంటే, మొదటి చుట్టు మొరాయించి, రెండో చుట్టుకు కిర్రుమని, మూడో చుట్టుకు మెత్తగా ఎక్కాం. ఆ క్షణం గురించి నేనింతకంటే చెప్పలేను. ఇత్తడికి కన్నీళ్ళు రావు.

"ఎంత తోమిందే తల్లీ దీన్ని!" అంటూ హెప్సీబా పెరటి పొయ్యి మీద నన్ను చాలాసేపు నూనెలో కాచింది. తర్వాత పిండిలో ముంచింది. నూనెలో పెట్టింది. విదిలించింది. పువ్వు రాలేదు. తునకలు రాలాయి. రెండోసారీ తునకలే. మూడోసారి పిండి అసలు నాకు అంటకుండా నీళ్ళలా జారిపోయింది. కెజియా కళ్ళు నిండిపోయాయి. సగం పిండి అయిపోయింది.

మాడుతున్న తునకల వాసన గోడ దాటింది. చర్చి నుంచి అప్పుడే వచ్చిన దయామణి అవతల పెరట్లో ఆగింది. గిన్నె లేదు, పిల్ల లేదు, అలమర తలుపు తెరిచి ఉంది. గోడ మీదుగా తొంగిచూసింది. ఏం తిడుతుందోనని నేను కూడా బిగుసుకుపోయాను. ఐదేళ్ళ తర్వాత ఆ ఇంటివైపు ఆమె అన్న మొదటి మాట ఇది:

"పిండి పలచనైంది."

హెప్సీబా చేతిలో నేను మూకుడు మీదే ఆగిపోయాను.

"కెజ్జీ! బియ్యప్పిండి ఎన్ని గుప్పెళ్ళేశావే?"

"నాలుగమ్మా... నువ్వు వేసినట్టే."

"నీ గుప్పెడెంత, నా గుప్పెడెంత? ఇంకో రెండెయ్యి. కాదు, ఒకటిన్నర."

హెప్సీబా నూనెలోంచి చూపు తిప్పకుండా, కెజియాతో అన్నట్టుగా అంది: "ఒకటిన్నరంటే ఎంతో మాకేం తెలుసు? ఆ గుప్పెడు ఎవరిదో వాళ్ళనే వచ్చి వెయ్యమను."

కాసేపు గోడ మీద ఎవరూ లేరు. తర్వాత వీధి గుమ్మం చప్పుడైంది. దయామణి వచ్చి, కొంగు దోపుకుని, కూర్చుని, ఒక గుప్పెడు వేసింది. అరచేతిలో ఇంకాస్త తీసుకుని, చూసి, కొంచెం వెనక్కి పోసి, మిగిలింది వేసింది. వేలు ముంచి ఎత్తింది. "ఊఁ" అంది.

హెప్సీబా నన్ను ముంచింది. కాగే నూనెలో పెట్టింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఒక విదిలింపు. పువ్వు నన్ను వదిలి, ఎనిమిది రేకలతో నిండుగా తేలింది.

"చెయ్యి మర్చిపోలేదే" అంది దయామణి.

"నువ్వు గుప్పెడు మర్చిపోయావా అక్కా?"

తర్వాత వాళ్ళు చీరాల అద్దె ఇంటి గురించీ, నూనె మంట గురించీ మాట్లాడుకున్నారు. గొడవ గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. మనుషుల్లో నాకు నచ్చేది ఇదే. వాళ్ళకు క్షమాపణ అడగడం రాదు. వంటలో తప్పు పడతారు, దగ్గరికొచ్చి దిద్దుతారు, అంతటితో అయిపోతుంది. పరంజ్యోతమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి, మొదటి పువ్వును టీలో నానబెట్టుకుని తిని, "ఉప్పు లేదు" అంది. గులాబీ పువ్వుల్లో ఉప్పెవరేస్తారు? అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు.

క్రిస్మస్ పొద్దున హెప్సీబా గోడ చుట్టూ తిరిగి పెద్దింటికి వచ్చింది. కెజియాను ముందు కూర్చోబెట్టుకుని, దువ్వెన కొనతో పాపిడి తిన్నగా తీసి, రెండు జడలు వేసింది. చర్చి ఆవరణలో పాస్టరమ్మగారు పువ్వు విరిచి, "ఎన్నాళ్ళకు! ఎవరు చేశారు?" అంది. ఎలీషా నోరు తెరిచాడు. రెండు వైపుల నుంచీ రెండు చూపులు తగిలి మూసేశాడు. అంతలో ఒక సన్నటి గొంతు, అందరికీ వినబడేలా, "అమ్మ పిండి, పిన్ని చెయ్యి" అంది. కెజియాది! వాక్యం చెప్పమంటే వణికే పిల్ల. నా పేరు చెప్పలేదు గానీ, నేను ఏమీ అనుకోలేదు.

జనవరిలో సామాన్ల బండి వచ్చింది. హెప్సీబా వసారాలో నిలబడి అంది: "అక్కా, కాడ నా వాటా. ఊడదీసియ్యి మరి."

దయామణి నన్ను పట్టుకుని తిప్పింది. "రాటంలా. నూనెకు పట్టేసింది" అంది.

"ఏదీ ఇటియ్యి" అని హెప్సీబా తిప్పింది. "నిజమే, రాటంలా. ఉంచు అక్కా. వచ్చే డిసెంబరుకు నేనే వస్తాగా."

ముసలమ్మ ఇద్దరి వంకా చూసి ఏదో గొణుక్కుంది. బండి కదిలింది. కెజియా వీధి చివరిదాకా దాని పక్కనే నడిచింది, పిన్నితో ఏదో గలగలా చెబుతూ.

ఇప్పుడు నేను పెద్దింట్లో మేకుకు వేలాడుతున్నాను, కాడతో సహా. నన్ను ఎవరూ తోమరు. నల్లగా, జిడ్డుగా, సుఖంగా ఉన్నాను. అప్పటి నుంచి మూడు క్రిస్మసులు వెళ్ళాయి. ప్రతి డిసెంబరులోనూ ఇరవై రెండో తేదీ బస్సుకు హెప్సీబా దిగుతుంది. వెళ్ళేటప్పుడు ఒకసారి నన్ను తిప్పి చూస్తారు, ఇద్దరూ. రాటం లేదంటారు, ఇద్దరూ.

నూనెకు పట్టేయడం అబద్ధం. వంకర మరైనా, ఎడమకు తిప్పితే ఇట్టే ఊడిపోతాను. ఆ రోజు వాళ్ళిద్దరూ నన్ను ఎటు తిప్పారో నాకు తెలుసు. తిప్పింది నన్నే కదా. ఇద్దరూ కుడికే తిప్పారు.