రెండో మీసం

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కెల్హామ్ ఊరి బేకరీలో మొదటి వాయి పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, మాడిపోతాయి. సరిగ్గా ఆ వాసన వచ్చినప్పుడే మ్యూజియంలో ఐల్సా బెసెల్ పురుగులకు హాజరు వేస్తుంది.

మ్యూజియమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పటి పోస్టాఫీసు అది. ముందు గదిలో చెట్లు కోసే పాత రంపాలు, వెనక గదిలో పురుగుల సొరుగులు. టాస్మేనియా మొత్తంలో ఎన్ని పురుగులున్నాయో అంతకంటే నాలుగు ఎక్కువే ఉంటాయి ఆ సొరుగుల్లో. ఐల్సా సొరుగు లాగి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చి, చీటీ మీదున్న పేరు పైకి చదువుతుంది. పిలిచిన పురుగు మీసాలెత్తుతుంది. సూదికి గుచ్చి నూటపదేళ్ళయినా సరే, ఎత్తుతుంది. ఎత్తలేదంటే తప్పు పురుగుది కాదు, చీటీ రాసినవాడిది. ఆ చీటీ తీసేసి, ఏ పేరుకు పలుకుతుందో కనుక్కుని, ఐల్సా కొత్తది రాస్తుంది. బెసెల్ వాళ్ళింటి ఆడవాళ్ళకు మొదట్నుంచీ ఉన్నదే ఇది. ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. కొందరి చేతికి రొట్టె బాగా పొంగుతుంది, కొందరి పిలుపుకు పురుగులు పలుకుతాయి, అంతే.

అన్నింట్లోకీ తాబేలు పెంకుపురుగులంటే ఆమెకు ప్రాణం. జామాయిల్ ఆకులు తింటూ బతుకుతాయి. చిక్కుడు గింజంత ఉంటాయి, వేలు తగిలితే కాళ్ళూ తలా లోపలికి లాక్కుని చొక్కా బొత్తాంలా కూర్చుంటాయి. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ వాటిలో వందల జాతులు. మనకున్నట్టే వాటికీ ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. వాళ్ళ ఇంటిపేరు పారోప్సిస్. అది పిలవగానే ఒక మీసం లేస్తుంది. సొంతపేరు కూడా కలిపితే రెండోది లేస్తుంది. రెండూ లేస్తే ఆ పురుగెవరో తేలినట్టే.

ఆ సోమవారం హాజరు సగంలో ఉండగా మెర్వ్ ట్రిఫిట్ వచ్చాడు. జామాయిల్ తోటల కంచెలు చూసుకునే మనిషి. రెండు పిట్టల జంటలు వేరు కాపురాలు పెట్టుకోగలంత గడ్డం. టోపీలోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏం తల్లీ, ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వొచ్చేదాకా బానే ఉన్నా. ఏముంది అందులో?"

"ఫెర్న్ లోయలో దొరికింది, పాత చెట్ల మీద. నువ్వే చూడు. గురువారం పొద్దున్నే హెలికాప్టరొస్తోంది. తోటకు పట్టిన పురుక్కి మందు కొడతారు. లోయ మీద కూడా పడుద్ది."

"లోయలో తోటెక్కడుందీ? అవి మా ముత్తవ్వ పుట్టకముందటి చెట్లు!"

"గాలికి నేను కంచె కట్టగలనా? మేనేజర్ని అడిగా. ఈ లోయలో తప్ప ఎక్కడా లేని ప్రాణి ఏదైనా ఉందని బుధవారం సాయంత్రంలోగా కాగితం చూపిస్తే వదిలేస్తాం అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకో."

ఐల్సా పెట్టె తెరిచింది. లోపల లేత మామిడి చిగురు రంగు పురుగు, అంచు చుట్టూ బంగారం. ఊరికే పూసిన బంగారం కాదు, కంసాలి మూసలో ఇంకా కదులుతున్న బంగారం. గదిలో దీపం అనవసరమనిపించింది.

"పారోప్సిస్," అంది ఐల్సా. ఒక మీసం లేచింది.

ఇక సొంతపేర్లు మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి రెండొందలు, చీకటి పడేసరికి నాలుగొందలు. మంగళవారం టీ తాగే వేళకు పుస్తకాల్లో ఉన్న పేర్లన్నీ అయిపోయాయి. గొంతు ఎంత బొంగురుపోయిందంటే బయట కుక్కలు తమ వాళ్ళెవరో అనుకుని తిరిగి మొరిగాయి. రెండో మీసం లేవలేదు.

అంటే ఈ పురుగు ఇంతవరకూ ఎవరి పుస్తకానికీ ఎక్కలేదు. ముప్పైయొక్కేళ్ళలో ఇలాంటిది ఐల్సా చేతికి రావడం ఇదే మొదలు. గంతులెయ్యాల్సింది పోయి కుర్చీలో కూలబడింది. కాగితానికి పేరు కావాలి. పేరుతో పాటు ఆ పేరుగల పురుగు సూదికి గుచ్చి ఉండాలి. ఇలాంటివి చచ్చిన గంటకు బంగారం ఆరిపోతుంది. ఏది చూసి కాపాడాలనుకుందో దాన్నే ఆర్పాలి.

ఇంకొకటి దొరుకుతుందేమోనని ఐల్సా, మెర్వ్ లోయకు పోయారు. గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మలన్నీ దులిపారు. చీమలు పడ్డాయి, సాలీళ్ళు పడ్డాయి, మెర్వ్ పోయినేడాది పోగొట్టుకున్న పళ్ళసెట్టు పడింది. పురుగు మాత్రం ఇంకొకటి పడలేదు.

బుధవారం పొద్దున మెర్వ్ అన్నాడు: "నువ్వే ఏదో ఒక పేరు పెట్టెయ్యి. గొడవొదిలిపోద్ది."

"పెడితే సరా? అది పలకొద్దూ?"

బంగారుటంచు అని పిలిచింది. లోయవాసి అని పిలిచింది. ఊరి పేరు, ఏటి పేరు, ఏమీ తోచక పైలవాడి పేరు. మెర్వ్ పేరు పెట్టి పిలిస్తే పురుగు ఎత్తిన మీసం కూడా దించేసుకుంది.

"దానికి బుద్ధుంది," అన్నాడు మెర్వ్.

పన్నెండయింది. పిలవడానికి ఐల్సా దగ్గర మాటలు అయిపోయాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని పురుగును చూస్తూ కూర్చుంది. పురుగూ మళ్ళీ ఎత్తిన ఒంటి మీసంతో ఆమెను చూస్తూ కూర్చుంది.

అప్పుడు వీధిలోంచి కేక వినబడింది. అక్క నోరీన్. ఆవిడ గొంతుకు సముద్రంలో ఓడలు దారి మార్చుకుంటాయి.

"ఐల్సా! ఎన్నిసార్లు పిలవాలే నిన్ను? మాంసం పై చల్లారి చస్తోంది!"

రెండో మీసం లేచింది. అంతవరకూ సగమే కనబడిన తల కూడా పూర్తిగా బయటికొచ్చింది.

నోరీన్ గుమ్మంలోనే ఆగిపోయింది. మెర్వ్ టోపీ తీశాడు. కెల్హామ్‌లో అందరికీ తెలుసు, ఒక పేరుకు ఇద్దరు పలకరని. వీళ్ళ చిన్నమ్మ వినిఫ్రెడ్ తన పేరు ఒక తూనీగకు రాసిచ్చింది. ఆ తర్వాత వంటింటికి నిప్పంటుకుని మొగుడు నలభైసార్లు కేకేసినా, పెరట్లో బంగాళాదుంపలకు నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. చెవుడు కాదు. ఉరిమితే వినబడేది, తలుపు కొడితే వినబడేది. ఆమెను పిలిచే పిలుపొక్కటే ఆమెను దాటి పోయేది.

"వద్దే," అంది నోరీన్. "ఇంకో పేరు వెతుకు."

"ఏమీ మిగల్లేదక్కా."

"పురుగే అది! పురుక్కోసం... నేను నిన్నేమని పిలవనే?"

"ఏదో ఒకటి."

"చిన్నమ్మను ఓయ్ అన్నాం, ఏమే అన్నాం, పోనీ రాణీగారూ అన్నాం. ఒక్కటైనా అతికిందా? వెనకనుంచి ఎవరు పిలిచినా గాలొచ్చిందనుకుని శాలువా సర్దుకునేది."

ఐల్సా కాదనడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని సొరుగుల వంక చూసింది.

"నేను ఇవ్వడం లేదక్కా. దాని పేరు ముందునుంచీ అదే. నేను రాసుకోవడమే."

ముందు రంగులు రాసింది, బతికుండగానే: చిగురు, అంచున బంగారం, కదిలే బంగారం. తర్వాత మందు సీసా మూత తీసింది. నోరీన్ గోడకేసి తిరిగి నిలబడింది. గంట గడిచేసరికి పురుగు వేయించిన వేరుశనగ పప్పు రంగుకు తిరిగింది. కుడి రెక్క పెంకులోంచి సూది దించి ఐల్సా చీటీ తీసుకుంది.

"ఐల్సా," అంది నోరీన్ గోడవైపు నుంచే.

"ఊఁ."

కలం ఇంటిపేరు రాసింది.

"ఐల్సా."

"ఊఁ, చెప్పు."

కలం సొంతపేరు రాసింది, చివర చుక్క పెట్టింది.

"ఐల్సా."

సూది మీద పురుగు రెండు మీసాలూ ఎత్తింది. చెల్లెలు చీటీ మీద సిరా ఆరాలని నోటితో ఊదుకుంటోంది.

మెర్వ్ కాగితం, పెట్టె తీసుకుని జీపులో ఎంత వేగంగా పోయాడంటే అతని నీడ మ్యూజియం మెట్ల దగ్గరే ఉండిపోయి, సాయంత్రం నడిచి వెళ్ళింది. ఈసారి మేనేజరు నవ్వలేదు. గురువారం హెలికాప్టరు లోయ అంచు దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది.

తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు ఫెర్న్ లోయకు వెళ్ళారు. మోకాలి నొప్పి వల్ల నోరీన్ పైనే బండ మీద కూర్చుంది. చెల్లెలు బాగా కిందకు పోయి, ఏటి పక్కన వంగి ఏదో మొలకను చూస్తోంది. పడమట మబ్బు నల్లగా కమ్మింది, వడగళ్ళ మబ్బు. అరవయ్యేళ్ళ అలవాటు, నోరీన్ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఐల్సా! వచ్చెయ్యవే!"

లోయలో చెట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆకాకు కిందనుంచీ బంగారం పైకొచ్చింది. వందలు కాదు, వేలు. మీసాలన్నీ ఆవిడ వైపే తిరిగాయి. చెల్లెలు తల తిప్పలేదు. గాలొచ్చిందనుకుని కోటు దగ్గరకు లాక్కుని, మళ్ళీ మొలక మీదకు వంగింది.

నోరీన్ రెండోసారి పిలవలేదు. మోకాలు చేత్తో పట్టుకుని, ఆ వెలుతురు మధ్యనుంచి ఒక్కో అడుగే దిగడం మొదలుపెట్టింది, చెల్లెలి భుజం తట్టడానికి.